ముప్పైరెండో నవ్వు

నవ్వు నాలుగు విధాల చేటని పెద్దవాళ్ళు చెప్పి పెట్టారు. ఆ నాలుగు విధాలూ ఏమిటో అడిగితే ఒక్కళ్ళూ సరిగ్గా చెప్పలేరు, అది వేరే సంగతి. ఈమెకు మాత్రం నవ్వే ఉద్యోగం. పదిహేనేళ్ళుగా ఒకే హాలు, ఒకే సీటు, ఒకే పని.

ఎనిమిదో వరసలో స్తంభం పక్క సీటు ఆమెది. సాయంత్రం ఆరున్నరకల్లా ఇస్త్రీ బట్టలు వేసుకుని, చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని, టికెట్టు కొనుక్కుని వచ్చిన మనిషిలాగే కూర్చుంటుంది. తెర లేస్తుంది. వేదిక మీద ఎవరో ఒక హాస్యపు మాట అంటారు. జనం సంగతి తెలియనిదేముంది? టికెట్టు కొని మరీ వచ్చాక కూడా నవ్వడానికి మొహమాటపడతారు. పక్కవాడు నవ్వితే తను నవ్వుదామని వీడు, వీడు నవ్వితే చూద్దామని పక్కవాడు. ఆ మొదటి నవ్వు ఎవరో ఒకరు నవ్వి పెట్టాలి. అందుకే నాటకం కంపెనీవాళ్ళు ఈమెను పెట్టుకున్నారు. అక్కడ అందరూ ఆమెను నవ్వులక్క అంటారు.

ఓస్, ఇంతేనా అని తీసిపారెయ్యకండి. నవ్వులక్క దగ్గర మూడు రకాల నవ్వులుండేవి. చిన్న చమత్కారానికి ముక్కు నవ్వు, వెక్కిరింతకు గొంతు నవ్వు, ఎవరైనా కుర్చీలోంచి పడితే పొట్ట నవ్వు. మాట మీద నవ్వకూడదు, మాట వినపడదు. మాట అయ్యాక జనం ఊపిరి పీల్చుకునే చోట నవ్వాలి. అరక్షణం ముందైతే నటుడు తడబడతాడు, అరక్షణం ఆలస్యమైతే జనం దగ్గడం మొదలుపెడతారు. హాలు అందుకున్నాక అందరికంటే ముందు ఆపెయ్యాలి. పొయ్యి అంటుకున్నాక అగ్గిపుల్లతో పనేముంది? ప్రతి నాటకానికీ ఆమెకొక రాతప్రతి ఇచ్చేవారు. అందులో నవ్వాల్సిన చోటల్లా ఎర్ర పెన్సిలుతో అంకె వేసి ఉండేది.

మొదట్లో ఆమె ఆ హాలు ఊడ్చే మనిషి. ఒక రోజు రిహార్సల్లో హాస్యనటుడు ఎన్నిసార్లు పడినా ఎవరికీ నవ్వు రావడం లేదు. పడ్డవాడి మోకాళ్ళు కమిలిపోయాయి. అప్పుడు వెనకాల చీపురు పట్టుకున్న ఈమె గొంతులోంచి ఒక నవ్వు ఊడిపడింది. అంతే, వేదిక మీద మొహాలు మాడ్చుకుని నిలబడ్డవాళ్ళంతా పొట్టలు పట్టుకున్నారు. డైరెక్టరు వెనక్కి తిరిగి, ఆ చీపురు అక్కడ పెట్టి ఇలా రా అక్కా అన్నాడు.

ఇరుగుపొరుగుకు టికెట్లు అమ్ముతానని చెప్పుకుంది. ఇంట్లోనూ అదే మాట. ఇంట్లో నవ్వేది కాదు. ఎవరితో నవ్వాలి?

ఉన్నది భర్త ఒక్కడే. నూలు మిల్లు మూతపడి పన్నెండేళ్ళయినా వీధివాళ్ళు ఆయన్ని ఇంకా సెక్రటరీ గారనే పిలుస్తారు. ఒకప్పుడు ఆ మిల్లు కార్మిక సంఘానికి కార్యదర్శి. ఆయన చెయ్యెత్తితే మూడు వందల మగ్గాలు ఆగేవి. ఇప్పుడు ఊపిరితిత్తుల నిండా దూది ధూళి. మెట్లెక్కితే ఆయాసం, మాట్లాడితే ఆయాసం. పొద్దున్నే కిటికీ దగ్గర కూర్చుని పేపరంతా పైకి చదువుతాడు. మొదటి పేజీ వార్తల నుంచి పోయిన సర్టిఫికెట్ల ప్రకటనల దాకా ఒక్కటీ వదలడు. ఆమె వంటింట్లోంచి వింటుంది. వాళ్ళిద్దరి మధ్య మాటలంటే అవే, పేపరువాళ్ళు రాసినవి. మాటలు అలా తగ్గిపోవడానికి కారణం ఒక పేరు. ఆ పేరు ఆ ఇంట్లో ఇరవై రెండేళ్ళుగా ఎవరూ ఎత్తలేదు.

ఆ పేరు ఆమె అన్నయ్యది. తల్లి తండ్రీ పోయాక ఆమెను పెంచింది, పెళ్ళి చేసింది ఆయనే. అదే మిల్లులో బాయిలరు చూసేవాడు. సాయంత్రం ఇంటికొచ్చి బాయిలరు ఈల వేసినట్టు, ఆవిరి కక్కినట్టు, పెద్ద ఇంజనీరు దాన్ని చూసి బెదిరి గెంతినట్టు చేసి చూపించేవాడు. చెల్లెలు పడీ పడీ నవ్వేది. ఏడ్చే మగాణ్ణీ నవ్వే ఆడదాన్నీ నమ్మకూడదంటారు, నిన్నెవడు చేసుకుంటాడే అని బతికున్న రోజుల్లో తల్లి విసుక్కునేది. అన్నయ్య మాత్రం ఇంకోటి చేసి చూపించేవాడు. ఈవేళ కంపెనీవాళ్ళు వాడుకుంటున్న నవ్వు ఆయన పెంచిన నవ్వే. చివరికి ఆ పిల్లను చేసుకున్నవాడు ఆయన స్నేహితుడే, ఈ సెక్రటరీ. బావా అంటే బావా అనుకుంటూ ఒకే డబ్బాలో అన్నం తిన్నారు ఇద్దరూ.

అప్పుడు సమ్మె వచ్చింది. నాలుగో నెలలో పడింది. ఒక రోజు తెల్లవారేసరికి అన్నయ్య వెనక గేటు గుండా మిల్లులోకి వెళ్ళాడని తెలిసింది. మూడు నెలలుగా బాయిలర్లో నీళ్ళు నిలవున్నాయట. గొట్టాలు తుప్పు పడుతున్నాయట. నీళ్ళు తోడి గొట్టాలు ఆరబెట్టకపోతే రేపు సమ్మె గెలిచినా వెళ్ళడానికి మిల్లుండదని ఆయన వాదన. ఆకలితో ఉన్న మూడు వందల ఇళ్ళకు ఆ వాదన ఎక్కుతుందా? యజమానికి అమ్ముడుపోయాడన్నారు. లోపలికి వెళ్ళిన మూడో రోజున బాయిలరు గదిలోనే గుండె ఆగి పోయాడు. చేతిలో రెంచీ అలాగే ఉందట.

ఆ మధ్యాహ్నం సంఘం సమావేశంలో సెక్రటరీ లేచి నిలబడి చెప్పాడు. శవం దగ్గరికి ఎవరూ వెళ్ళకూడదు, ఆ పేరు ఈ వీధిలో వినపడకూడదు అని. మాట పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. ఆ మాట వీధి దాటి, గుమ్మం దాటి, కట్టుకున్న పెళ్ళాం దగ్గరికి వచ్చి ఆగింది. మునిసిపాలిటీవాళ్ళే శవాన్ని పట్టుకుపోవాల్సి వచ్చింది.

అప్పుడు సన్నగా జల్లు పడుతోంది. మిల్లు గోడ మలుపు అవతల మునిసిపాలిటీ శవాల వ్యాను వచ్చి ఆగిన చప్పుడు ఆమెకు వినపడింది. తలుపు వెనకాల గడియ మీద చెయ్యి వేసి నిలబడింది. ఎదురింటి కిటికీ రెక్క సగం తెరిచి ఉంది. వెళ్తే ఆయన మాట ఏమవుతుంది, ఈ వీధిలో ఆయన తలెత్తుకుని ఎలా తిరుగుతాడు అనుకుంది. వెళ్ళకపోతే ఏమవుతుందో ఆలోచించలేదు. ఇంజను పది నిమిషాలు అలా కొట్టుకుంటూనే ఉంది. ఆమె చేతి కింద గడియ వేడెక్కింది. తర్వాత వ్యాను వెళ్ళిపోయింది.

గంటన్నరకు భర్త ఇంటికొచ్చాడు. బూట్లకు చీలమండల దాకా ఎర్రమట్టి. గుమ్మంలో విప్పి, ఆమె వంక చూసి లోపలికి వెళ్ళిపోయాడు. అక్కడ మా అన్నయ్యను పాతిపెడుతుంటే ఈయన మీటింగులని బురదలో తిరిగొచ్చాడు అనుకుంటూ ఆమె ఆ బూట్లను పెరట్లోకి తీసుకుపోయి పాత చాకుతో గీకింది, బకెట్టెడు నీళ్ళు పోసి కడిగింది, పొయ్యి పక్కన ఆరబెట్టింది. ఆ రోజు ఆమెకు ఏడుపు రాలేదు. ఆ తర్వాతా రాలేదు. గొంతు దగ్గరికి ఏదైనా వస్తే మింగేసేది. మింగింది ఎక్కడికి పోతుంది? ఏడేళ్ళ తర్వాత చీపురు పట్టుకుని నిలబడి ఉండగా నవ్వై బయటపడింది.

రెండు నెలలకు సమ్మె ముగిసి మిల్లు తెరుచుకుంది. ఆ బాయిలరుతోనే నడిచింది, ఇంకో పదేళ్ళు. చచ్చినవాడి కళ్ళు చారెడని ఆయన పనితనాన్ని కొందరు చాటుమాటుగా మెచ్చుకున్నారు కూడా, పేరెత్తకుండా.

ఈ ఏడు కంపెనీవాళ్ళు కొత్త నాటకం తలపెట్టారు. దాని పేరు 'పాత రాణులు, కొత్త ఫ్లాటు'. ఎప్పుడో వేల ఏళ్ళ కిందట గ్రీకు దేశంలో ఏడిపించే నాటకాలు ఆడేవారట. వాటిలోని ఆడవాళ్ళందరినీ తెచ్చి ఈ కాలంలో ఒక అద్దె ఫ్లాటులో పడేశాడు డైరెక్టరు. మొగుణ్ణి స్నానాల తొట్లో చంపిన రాణి గారింటికి కొళాయి బాగు చెయ్యడానికి ఎవరూ రారు. జరగబోయేది ముందే చెప్పినా ఎవరూ నమ్మని పిల్ల టీవీలో వాతావరణం చదువుతుంది. వాళ్ళ పక్క గదిలో ఇద్దరు అక్కచెల్లెళ్ళు. వాళ్ళ అన్న ఊరికి ఎదురు తిరిగి చచ్చాడు, వాణ్ణెవరూ పాతిపెట్టకూడదని రాజు ఆజ్ఞ. పాత కథలో అక్క ఆజ్ఞను ధిక్కరించి శవం మీద పిడికెడు మట్టి వేసి, తన ప్రాణం పోగొట్టుకుంటుంది. ఈ నాటకంలో ఆమె ఆ మట్టిని చేతిసంచీలో వేసుకుని మునిసిపల్ ఆఫీసులో వరసలో నిలబడుతుంది. చనిపోయిన వ్యక్తి స్వయంగా వచ్చి దరఖాస్తు చేసుకోవాలంటాడు గుమాస్తా. సంచీ తెరవమంటే మట్టంతా ఆయన ఫైళ్ళ మీద పడుతుంది. అక్కడ పొట్ట నవ్వు.

డైరెక్టరు ఇదంతా టీ తాగుతూ వివరించాడు. రాతప్రతిలో ముప్పైయొక్క ఎర్ర అంకెలు. అన్నీ విన్నాక నవ్వులక్క ఎప్పుడూ అడగనిది ఒక ప్రశ్న అడిగింది.

"ఆ చెల్లెలు తర్వాత ఏమైంది సార్?"

"ఎవరికి తెలుసక్కా? అక్క చచ్చిపోయింది కాబట్టి అక్క కథ రాశారు. ఇంట్లో ఉండిపోయినవాళ్ళ గురించి ఏం రాస్తారు?"

అతనేదో మామూలుగా అన్నాడు. కందకు లేని దురద కత్తిపీటకెందుకని ఆమె కూడా గ్లాసు కడుక్కుని లేచింది. కానీ ఆ మాట ఇంటిదాకా వెంట వచ్చింది.

మర్నాడు పొద్దున భర్త పేపరు చదువుతూ ఒక చోట ఆగాడు. ఆయాసమేమో అనుకుంది. తర్వాతి ప్రకటన దగ్గర మళ్ళీ మొదలుపెట్టాడు. ఆయన ఒక్కటీ వదిలే మనిషి కాదు కాబట్టి, మధ్యాహ్నం ఆయన పడుకున్నాక ఆమె పేపరు తీసి చూసింది. మునిసిపాలిటీ ప్రకటన. పాత శ్మశానం పడమటి భాగంలో ఇరవై ఏళ్ళు దాటిన, రాయి లేని సమాధులను చదును చేస్తున్నారు. ఉంచమనే బంధువులెవరైనా ఉంటే నెలాఖరులోగా శ్మశానం ఆఫీసుకు వచ్చి సంతకం చెయ్యాలి. నెలాఖరుకు ఇంకా పదకొండు రోజులుంది.

ఇంత పేపరు చదివి ఇది ఒక్కటి దాచాడు అనుకుంది ఆమె. ఇరవై రెండేళ్ళయినా ఆయన ఆజ్ఞ ఆయనది. ఆ అన్నయ్య గుర్తుగా ఈ భూమ్మీద మిగిలింది ఆ మట్టి దిబ్బ ఒక్కటే. అదెక్కడుందో కూడా ఆమె చూడలేదు. పోయి సంతకం చేస్తే సరిపోతుంది. ఎవరు ఆపుతున్నారు? ఆయన మెట్లు కూడా దిగలేడు. కానీ ఆ రోజు గడియ మీద ఆగిన చెయ్యి ఇంకా అక్కడే ఉంది. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది. రేపు చూద్దాం అనుకుంది. ఆ రేపే నాటకం మొదటి ఆట.

మొదటి ఆటలో కొళాయి నవ్వు పలికింది, వాతావరణం నవ్వు పలికింది. తర్వాత అక్కచెల్లెళ్ళ దృశ్యం వచ్చింది. ఇద్దరం కలిసి వెళ్దాం, ఇద్దరం అడిగితే వింటారు అంటుంది అక్క. చెల్లెలి వేషం వేసిన అమ్మాయికి అదే మొదటి నాటకం. కంపెనీలో చిన్నమ్మాయి అనేవారు. ఆమెకున్నవి నాలుగే మాటలు. అట్ట తలుపు పట్టుకుని నిలబడి అంది.

"నేను రాలేనక్కా. నాకు ఇల్లుంది. తలుపు తీసుకుని బయటికొస్తే మళ్ళీ ఆ తలుపు నాకు తెరుచుకోదు."

అక్కడ ఎర్ర అంకె లేదు. హాలంతా నిశ్శబ్దంగా ఉంది. నవ్వులక్క గొంతులోకి ఏదో వచ్చింది. మింగబోయింది. పదిహేనేళ్ళ అలవాటు దాన్ని మింగనివ్వలేదు, వచ్చినదాన్ని వచ్చినట్టు నవ్వుగా మార్చి బయటికి పంపింది. ముక్కు నవ్వు కాదు, గొంతు నవ్వు కాదు. ఆ నవ్వు ఆమెకే కొత్త. ముందు వరసవాళ్ళు అందుకున్నారు, వెనక వరసవాళ్ళు అందుకున్నారు. ఆ ఊపుకు అట్ట తలుపు ఊగేసరికి ఇంకా నవ్వారు. ఇంట్లో ఉండిపోయిన చెల్లెల్ని చూసి ఆరు వందల మంది నవ్వారు. స్తంభం పక్కన ఆమె చేతిసంచీ గట్టిగా పట్టుకుని కూర్చుంది.

తన పనిలో ఎన్నడూ చెయ్యని తప్పు చేశానని, ఈ పూటతో ఉద్యోగం పోయిందనీ అనుకుంది. తీరా చూస్తే ఆట అయ్యాక డైరెక్టరు ఎదురొచ్చి చేతులు పట్టుకున్నాడు. రాసినవాడికే తెలియని హాస్యం పట్టేశావక్కా అన్నాడు. అక్కడికక్కడే ఎర్ర పెన్సిలు తీసి ఆ మాట పక్కన 32 అని వేశాడు. వరసలో అది ఇరవయ్యో నవ్వే గాని, అంకెలన్నీ దిద్దే ఓపిక ఎవరికుంది?

చిన్నమ్మాయి రంగు తుడుచుకోకుండానే ఆమె దగ్గరికి వచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"అక్కా, నేనేమన్నా తప్పుగా చెప్పానా? ఆ మాట నేను నిజమనుకుని చెప్పాను."

"బాగా చెప్పావమ్మా. నిజంగానే చెప్పావు."

"మరెందుకు నవ్వారు?"

నవ్వులక్క ఆ పిల్ల జడలోని పిన్ను సర్దింది.

నాటకం హిట్టయింది. ప్రతి సాయంత్రం హాలు నిండింది. ప్రతి సాయంత్రం చిన్నమ్మాయి తలుపు పట్టుకుని ఆ మాట అనేది, ఎనిమిదో వరసలోంచి నవ్వు వచ్చేది, హాలు అందుకునేది. రెండో రోజు ఆ నవ్వు నవ్వడానికి ఆమె గోళ్ళు అరచేతిలో గుచ్చుకోవాల్సి వచ్చింది. మూడో రోజూ అంతే. పొద్దునపూట శ్మశానానికి వెళ్దామనుకునేది. తొమ్మిదవగానే భర్తకు మందు పొగ పట్టాలి, పదకొండింటికి గంజి, మధ్యాహ్నం బట్టలు, నాలుగింటికి హాలు. సాకుకేం, వెతుక్కుంటే ఇంటి నిండా ఉంటాయి. చూస్తుండగా ఎనిమిది రోజులైపోయాయి.

తొమ్మిదో రోజు ఆమెను భయపెట్టింది ఒకటే. ఆ రోజు ముప్పైరెండో నవ్వు నొప్పి లేకుండా వచ్చింది. కొళాయి నవ్వులాగే, కుర్చీ నవ్వులాగే తేలిగ్గా వచ్చేసింది. ఇంటికి నడుస్తూ అది తెలుసుకుని ఆమె రోడ్డు మధ్యలో ఆగిపోయింది. అన్నయ్యను ఒకసారి తలుపు వెనక నిలబడి పోగొట్టుకుంది. ఇప్పుడు రోజూ సీట్లో కూర్చుని పోగొట్టుకుంటోంది. అప్పుడైనా గడియ మీద చెయ్యి పది నిమిషాలు ఆగింది, ఇప్పుడు అదీ లేదు. ఆమెకు తన మీద తనకే అసహ్యం వేసింది.

గడువుకు ఆఖరి రోజు పొద్దున మందు పొగ పట్టే గొట్టం భర్త చేతికిచ్చి, పనుంది, వెళ్ళొస్తాను అంది. ఎక్కడికని ఆయన అడగలేదు.

శ్మశానం ఆఫీసంటే ఒక గది, ఒక బల్ల, గోడ నిండా అట్టలూడిన రిజిస్టర్లు. ముసలి గుమాస్తా కళ్ళద్దాలు నుదుటి మీదకు తోసుకుని ఏ సంవత్సరం, ఏ నెల అని అడిగాడు. ఆమె తేదీతో సహా చెప్పింది. పేరు అడిగాడు. ఇరవై రెండేళ్ళ తర్వాత అన్నయ్య పేరు మొదటిసారి పైకి అంది.

"మీరేమవుతారు?"

"చెల్లెల్ని."

"ఇన్నాళ్ళూ ఎక్కడున్నారమ్మా?"

ఆయన దెప్పడానికి అనలేదు. ఏదో దూరదేశం పేరు చెబుతుందేమో అన్నట్టు అడిగాడు.

"ఇంట్లోనే ఉన్నానండీ," అంది ఆమె.

గుమాస్తా రిజిస్టరు తిప్పి, వేలితో వరస దొరకబుచ్చుకుని, ఇది దిక్కులేని శవమేం కాదే, బంధువుల సంతకం ఉంది అన్నాడు. మావాళ్ళెవరూ రాలేదండీ, ఇంకెవరిదో చూస్తున్నారు అంది ఆమె. ఆయన పుస్తకం ఆమె వైపు తిప్పాడు. మట్టి వేసినవారు అనే గడిలో ఒక సంతకం. పక్కన, మృతునికి ఏమవుతారు అన్నచోట, చెల్లెలి భర్త అని రాసి ఉంది.

సంతకం ఆమెకు కొత్తేమిటి? సంఘం కరపత్రాల మీద, సమ్మె నోటీసుల మీద, మిల్లు గేటుకు అంటించిన ప్రతి కాగితం మీదా చూసింది. చివర అక్షరం కింద గీత గీసి, గీత మీద చుక్క పెట్టే సంతకం.

కొత్త సంతకం చేయించుకుని గుమాస్తా ఆమెను పడమటి వైపు తీసుకెళ్ళాడు. ఊరంతా నల్లమట్టి. ఈ పల్లపు నేలను నింపడానికి మాత్రం ఎక్కడో కొండ తవ్వి తెచ్చి పోశారట, అడుగు పెడితే చాలు, చెప్పులకు ఎర్రగా అంటుకుంటోంది. ఆమె తన కాళ్ళ వంక చూసుకుంది. అప్పుడర్థమైంది. ఆ జల్లులో ఆయన ఏ మీటింగు నుంచి వచ్చాడో, పెరట్లో తను చాకుతో గీకింది ఏమిటో. ఇనప రేకు మీద అంకె ఉన్న ఒక చిన్న దిబ్బ దగ్గర గుమాస్తా ఆగాడు. ఆమె వంగి పిడికెడు మట్టి తీసుకుని దాని మీద వేసింది. ఇంకేం చెయ్యాలో తెలియక ఇంకో పిడికెడు వేసింది.

ఇంటికొచ్చేసరికి భర్త కిటికీ దగ్గరే ఉన్నాడు. ఆమె గుమ్మంలో నిలబడింది, చెప్పులు విప్పలేదు. ఆయన ఆ మట్టిని చాలాసేపు చూశాడు.

"వెళ్ళావా?"

"వెళ్ళాను. మీ సంతకం చూశాను."

ఆయన ఊపిరి అందాక చెప్పాడు. మాట మాటకూ ఆగుతూ చెప్పాడు. సంఘంలో ఆ మాట అన్న గంటకే చాటుగా శవం దగ్గరికి వెళ్ళాడట. వీధిలోకి వచ్చి ఆమెను పిలవడానికి ధైర్యం చాలలేదట, కిటికీల నిండా కళ్ళు. మలుపు అవతల వ్యాను ఆపించి డ్రైవర్ని బతిమాలాడట.

"పది నిమిషాలు ఆపించాను. వస్తావనుకున్నా. నేను వద్దన్నా వస్తావనుకున్నా. నీ అన్న కదా."

"మీరు వద్దన్నారని ఆగిపోయాను."

"తెలియదు నాకు. ఎంత రాయి మనిషి అనుకున్నా."

"నేనూ మిమ్మల్ని అదే అనుకున్నాను."

ఇరవై రెండేళ్ళు ఒకే కంచంలాంటి ఇంట్లో తిరుగుతూ ఒకరినొకరు రాయి అనుకున్నారు. ఎవరైనా ఒక్కరు నోరు విప్పి ఉంటే పది మాటల్లో తేలిపోయేది.

"ఆ బూట్లు నీ ముందే విప్పాను," అన్నాడాయన. "ఈ వీధిలో ఎర్రమట్టి ఎక్కడుంది? అడుగుతావని చూశా."

"కడిగి కాలవలో పోసేశాను."

"చూశాను."

ఆయన ఏడ్చాడు. ఏడుపుకు కూడా ఊపిరి చాలలేదు. ఆమె వెళ్ళి వీపు నిమిరింది. పేపరులో ఆ ప్రకటన దగ్గర ఎందుకాగారు అంటే, చదవబోతే గొంతు రాలేదన్నాడు. కాస్త తేరుకున్నాక, రేపు నీ హాలుకు నేనూ వస్తాను అన్నాడు. టికెట్లమ్మేచోట మీకేం పని అంది ఆమె.

"నువ్వక్కడ నవ్వుతావట కదా. ఎదురింటాయన పదిహేనేళ్ళ కిందటే చెప్పాడు. నీ నవ్వు వినక చాలా కాలమైంది."

మర్నాడు రిక్షా మాట్లాడుకుని, మెట్టుకొకసారి ఆగుతూ ఆయన్ని ఎనిమిదో వరస దాకా తీసుకొచ్చింది. తన సీటు పక్కన కూర్చోబెట్టింది. తెర లేచింది. కొళాయికి నవ్వింది, వాతావరణానికి నవ్వింది. నవ్విన ప్రతిసారీ ఆయన వేదిక వంక చూడకుండా ఆమె వంకే చూశాడు. అక్కచెల్లెళ్ళు వచ్చారు. చిన్నమ్మాయి అట్ట తలుపు పట్టుకుంది. నేను రాలేనక్కా, నాకు ఇల్లుంది అంది.

ఆమె నవ్వలేదు. ఈ ఒక్క చోట నవ్వకూడదని ఇంటి దగ్గరే నిశ్చయించుకుని వచ్చింది. తను నవ్వకపోతే ఆ పిల్ల మాట ఆ పిల్లకు దక్కుతుందనుకుంది. ఊపిరి బిగబట్టి కూర్చుంది.

వెనకెక్కడో ఒకడు నవ్వాడు. చూసినవాడు చూడనివాడికి చెప్పగా అక్కడొక నవ్వుందని అప్పటికి ఊరంతా తెలుసు. ముందు వరస అందుకుంది, బాల్కనీ అందుకుంది. తలుపు ఊగింది. ఆరు వందల మంది ఆమెతో పని లేకుండానే, ఆమె నవ్వినట్టే, సరిగ్గా ఆమె ఆపే చోట ఆపుతూ నవ్వారు. వెలుగులో చిన్నమ్మాయి తల దించుకుని నిలబడింది.

భర్త అటూ ఇటూ చూశాడు. ఆమె చెవి దగ్గరికి వంగి, ఆయాసపడుతూ అడిగాడు.

"పాపం, ఆ పిల్ల ఏడుస్తోంది కదా. వీళ్ళెందుకు నవ్వుతున్నారు?"

"నేనే నేర్పానండీ," అంది ఆమె.